కడప నుంచి రాజమండ్రికి విమానంలో ఎంతసేపు? కాగితం మీద లెక్క ఇలా వేసుకోండి

పోయినేడు మా బాబాయి ప్రొద్దుటూరు నుంచి రాజమండ్రిలో ఒక పెళ్లికి రావాల్సి వచ్చింది. రైల్లో కూర్చుంటే నడుం పట్టేస్తుంది, బస్సు ఊసే ఎత్తొద్దు అన్నాడు. "నువ్వు హైదరాబాదులో ఉంటివి, నెట్టులో చూసి చెప్పు, విమానంలో ఎంతసేపురా" అని ఫోన్ చేశాడు. కూకట్‌పల్లిలో మా బాల్కనీలో కూర్చుని, దూరాలు చూపించే సైటు ఒకటి తెరిచి కడప, రాజమండ్రి అని కొట్టాను. దూరం 435 కిలోమీటర్లు, సమయం 33 నిమిషాలు అని వచ్చింది. "అరగంటే బాబాయ్" అన్నాను.

ఆయన పొద్దున ఆరింటికి ఇంట్లో బయల్దేరాడు. విడిదింట్లో కాలు పెట్టేసరికి సాయంత్రం ఐదు దాటింది. నన్ను చూడగానే చెప్పులు కూడా విప్పకుండా, "ఏమ్రా, అరగంట అంటివి గదా. నీ అరగంటలో నేను రెండుసార్లు టిఫిను తింటి, ఒక నిద్ర పోతి" అన్నాడు. పెళ్లి మూడు రోజులూ నా పేరు అరగంటే.

సైటు చెప్పిన దూరం తప్పు కాదు. 435 కిలోమీటర్లు అక్షరాలా నిజం. కానీ ఆ గీత వెంబడి విమానమే లేదు, ఆ ఊళ్లకి ఎక్కువగా వచ్చే విమానాలకి ఆ వేగం ఉండదు, ఇక గాల్లో ఉండే సమయానికీ ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయానికీ పొంతనే లేదు. అప్పటినుంచి ఇంట్లో ఎవరు చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య ప్రయాణం పెట్టుకున్నా ఒక తెల్లకాగితం తీసుకుని నేనే లెక్క వేస్తున్నాను. పది నిమిషాల పని. మీరూ వేసుకోవచ్చు.

ముందు కోడ్లు రాసుకోండి

కాగితం మీద మొదట రాయాల్సింది ఊరి పేరు కాదు, ఎయిర్‌పోర్టు కోడ్. ప్రతి ఎయిర్‌పోర్టుకీ మూడక్షరాల కోడ్ ఒకటుంటుంది. హైదరాబాద్‌ది హెచ్‌వైడీ, కడపది సీడీపీ, రాజమండ్రిది ఆర్‌జేఏ, విజయవాడది వీజీఏ, తిరుపతిది టీఐఆర్, కర్నూలుది కేజేబీ. టికెట్టు మీదా, బ్యాగుకి కట్టే చీటీ మీదా ఉండేది ఇదే.

ఎందుకింత పట్టింపు అంటే, పేర్లు మోసం చేస్తాయి. మన హైదరాబాద్ ఒక్కటే కాదు, పాకిస్తాన్‌లో సింధ్ రాష్ట్రంలో ఇంకో హైదరాబాద్ ఉంది. దానికీ ఎయిర్‌పోర్టు ఉంది, దాని కోడ్ హెచ్‌డీడీ. కడప నుంచి హైదరాబాద్‌కి 1,600 కిలోమీటర్ల పైన అని ఏదైనా సైటు చూపిస్తే కంగారు పడకండి, అది మిమ్మల్ని సింధు నది ఒడ్డుకి తీసుకెళ్తోందన్నమాట. సేలం అని కొడితే అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని సేలం రావచ్చు. గోవాకైతే ఎయిర్‌పోర్టులే రెండు: దబోలింది జీఓఐ, ఉత్తరాన కొత్తగా వచ్చిన మోపాది జీఓఎక్స్. ఒకదానికి టికెట్టు తీసి ఇంకోదాని దగ్గర హోటల్ బుక్ చేసుకుంటే టాక్సీకే సగం డబ్బులు పోతాయి.

కోడ్ పక్కనే ఎయిర్‌పోర్టు నిజంగా ఉన్న చోటు పేరు కూడా రాయండి. రాజమండ్రిది మధురపూడిలో, విజయవాడది గన్నవరంలో, తిరుపతిది రేణిగుంటలో, కర్నూలుది ఓర్వకల్లులో. ఇప్పుడు అనవసరం అనిపిస్తుంది గానీ చివరి లెక్కలో దీని అవసరం పడుతుంది.

నేరు దూరం కొలవడం

ఫోన్లో అయితే రెండు నిమిషాలు చాలు. గూగుల్ మ్యాప్స్ తెరిచి మొదటి ఎయిర్‌పోర్టు రన్‌వే మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచండి. ఎర్ర గుర్తు పడుతుంది. కింద వచ్చిన పట్టీని పైకి జరిపితే దూరం కొలిచే ఆప్షన్ కనిపిస్తుంది. అది నొక్కి మ్యాపును రెండో ఎయిర్‌పోర్టు దాకా జరపండి. కిలోమీటర్లు అక్కడే వస్తాయి.

చేత్తో వేసుకోవడం మాత్రం నాకు ఇంకా ఇష్టం. పదో తరగతి చదివే మా అమ్మాయికి పైథాగరస్ సిద్ధాంతం ఎందుకు పనికొస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అదే ఎర్ర గుర్తు పెట్టినప్పుడు రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. కడప ఎయిర్‌పోర్టుది 14.51, 78.77. రాజమండ్రిది 17.11, 81.82.

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దాన్ని 360 డిగ్రీలతో భాగిస్తే డిగ్రీకి 111 కిలోమీటర్లు. ఉత్తర దక్షిణాలుగా ఈ 111 ఎక్కడైనా ఇంచుమించు ఇంతే. తూర్పు పడమరలుగా అలా కాదు. రేఖాంశాలు బత్తాయి తొనల్లాగా మధ్యలో వెడల్పుగా ఉండి, ధ్రువాల దగ్గరికి పోయేకొద్దీ సన్నబడిపోతాయి. మన తెలుగు నేల మీద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 105 నుంచి 108 కిలోమీటర్లు ఉంటుంది. హైదరాబాద్, రాజమండ్రి వైపు 106 వేసుకోండి, కడప, తిరుపతి వైపు 108. ఒక కొస అటు, ఇంకో కొస ఇటు అయితే మధ్యలో 107.

ఇక లెక్క. అక్షాంశాల తేడా 2.60. దాన్ని 111తో గుణిస్తే 289 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 3.05. దాన్ని 107తో గుణిస్తే 326 కిలోమీటర్లు. ఇవి లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. ఒక్కొక్కదాన్ని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే కర్ణం వస్తుంది: 435 కిలోమీటర్ల పైన ఏవో దశాంశాలు. సైటు చెప్పిందీ ఇదే.

వెయ్యి కిలోమీటర్ల లోపు దూరాలకి ఈ నాటు పద్ధతి బాగా సరిపోతుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కో సింగపూర్‌కో వేయకండి, అక్కడ భూమి గుండ్రదనం లెక్కలోకి వస్తుంది. అలాంటి వాటికి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటుంది, రెండు కోడ్లు ఇస్తే గీత గీసి మరీ చూపిస్తుంది.

ఒక చిన్న హెచ్చరిక. కొన్ని సైట్లు మైళ్లలో, కొన్ని నాటికల్ మైళ్లలో చూపిస్తాయి. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609. హైదరాబాద్ నుంచి రాజమండ్రి 360 కిలోమీటర్లు. అదే దూరం మైళ్లలో 224, నాటికల్ మైళ్లలో 194. అంకె పక్కన ఏముందో చూడకుండా రాసేసుకుంటే లెక్క మొత్తం తేడా కొడుతుంది.

అసలు ఆ గీత మీద విమానం ఉందా?

నేను బోల్తా పడింది ఇక్కడే. దూరం చూపించే సైటుకి రెండు చుక్కలు చాలు, మధ్యలో గీత గీసేస్తుంది. ఆ దారిలో విమానం తిరుగుతుందో లేదో దానికి పట్టదు. బాబాయి వచ్చిన రోజు కడప, రాజమండ్రి మధ్య నేరు విమానం లేదు. చిన్న ఎయిర్‌పోర్టులు ఎక్కువగా ఏదో ఒక పెద్ద ఊరితోనే ముడిపడి ఉంటాయి. మన వైపు ఆ పెద్ద ఊరు చాలావరకు హైదరాబాదే. కాబట్టి మీ గీత ఇప్పుడు రెండు ముక్కలవుతుంది. కడప నుంచి హైదరాబాద్ 305 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి రాజమండ్రి 360. మొత్తం 665. నేరుగా పోయే దానికంటే 230 కిలోమీటర్లు ఎక్కువ. ఈశాన్యానికి పోవాల్సిన మనిషి ముందు ఉత్తరానికి వెళ్లి అక్కడ కుడివైపుకి తిరుగుతాడు.

విమానం ఉందో లేదో ఎయిర్‌లైన్ సొంత సైటులోనో, టికెట్లమ్మే యాప్‌లోనో మీరు వెళ్లే తేదీ వేసి చూడండి. పాత వార్తల్ని నమ్ముకోవద్దు. చిన్న ఊళ్లకి విమానాలు నడిపించడానికి కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి రూట్లలో కడప-హైదరాబాద్ కూడా ఒకటి. శిమ్లాలో ప్రధాని జెండా ఊపిన రోజే నాందేడ్-హైదరాబాద్‌తో పాటు ఇదీ ఎగిరింది. ఆ విమానాల్ని నడిపిన ట్రూజెట్ హైదరాబాద్ కంపెనీయే. 2022లో అది ఆగిపోయింది. నెట్టులో వెతికితే దాని టైమింగులు ఇప్పటికీ తగులుతుంటాయి.

ఇంకొకటి, రేపు ఉంది కదా అని ఎల్లుండి కూడా ఉంటుందనుకోకండి. చిన్న రూట్లలో కొన్ని విమానాలు వారానికి మూడు నాలుగు రోజులే తిరుగుతాయి. వెళ్లేటప్పుడు ఉన్న రోజు వచ్చేటప్పుడు ఉండకపోవచ్చు. టైమ్‌టేబుల్ కూడా ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి చివరి ఆదివారం వేసవి షెడ్యూల్ మొదలవుతుంది, అక్టోబరు చివరి ఆదివారం చలికాలంది. సంక్రాంతికి ఊరెళ్దామని సెప్టెంబరులో టైమింగులు రాసి పెట్టుకున్నవాళ్లు నవంబరులో ఇంకోసారి చూసుకోవాలి.

ఏ విమానం? గాల్లో ఎంతసేపు?

సైటు 33 నిమిషాలని ఎందుకు చెప్పిందో తర్వాత లెక్కేసి చూశాను. 435ని గంటకి 800 కిలోమీటర్లతో భాగిస్తే ఇంచుమించు 33 నిమిషాలు వస్తుంది. అంటే జెట్ విమానం పైకి లేచిన క్షణం నుంచి దిగే క్షణం దాకా ఒకే వేగంతో పోతుందని దాని ఊహ. మన చిన్న ఎయిర్‌పోర్టులకి ఎక్కువగా వచ్చేది రెక్కల మీద ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ 72. డెబ్బై ఎనభై లోపు సీట్లుంటాయి, వేగం గంటకి 500 కిలోమీటర్ల దరిదాపు. ఎయిర్‌బస్ 320 అయితే 180 మంది దాకా పడతారు, వేగం 830 దాకా ఉంటుంది. బుక్ చేసేటప్పుడు విమానం పేరు చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది, చూసి కాగితం మీద రాసుకోండి. రాజమండ్రిలో రన్‌వే పొడిగించాక పెద్ద విమానాలూ దిగుతున్నాయి, 2024 డిసెంబరులో ముంబై, ఢిల్లీలకి నేరు విమానాలు మొదలయ్యాయి. అందుకని ఊరిని బట్టి విమానాన్ని ఊహించుకోవద్దు.

నేను వాడే సూత్రం ఇది: దూరాన్ని వేగంతో భాగించండి, వచ్చినదానికి సుమారు అరగంట కలపండి. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఏటీఆర్‌లో 360ని 500తో భాగిస్తే 43 నిమిషాలు. పైన 27 నిమిషాలు వేసుకుంటే గంటా పది. కడప నుంచి హైదరాబాద్‌కి అదే లెక్కన గంటా ఐదు.

ఆ అరగంట ఎక్కడికి పోతుందో తెలిస్తే విమానంలో కూర్చున్నప్పుడు టెన్షన్ తగ్గుతుంది. తలుపులు మూశాక విమానం రన్‌వే దాకా నేల మీదే పాకాలి. ముందు ఇంకో రెండు విమానాలుంటే వాటి వెనక నిలబడాలి. పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. పదివేల అడుగుల కింద ఎంత పెద్ద విమానమైనా మామూలుగా 250 నాట్లు, అంటే గంటకి 463 కిలోమీటర్లు దాటకూడదు. ఇక దిక్కు సంగతి ఉంది. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. శంషాబాద్ రన్‌వేలు రెండూ తూర్పు పడమరలుగా ఉంటాయి. వానాకాలంలో పడమటి గాలి వీస్తున్నప్పుడు రాజమండ్రి విమానం ముందు వికారాబాద్ వైపు లేచి, ఆకాశంలో ఒక పెద్ద మలుపు తిరిగి, అప్పుడు తూర్పుకి పడుతుంది. మొదటిసారి కిటికీ పక్కన కూర్చున్నప్పుడు తప్పు విమానమెక్కానేమో అనుకున్నాను.

ఇదే సూత్రంతో ఇంకో తమాషా కూడా కనబడుతుంది. అదే 360 కిలోమీటర్లు ఎయిర్‌బస్‌లో వెళ్తే గాల్లో పరుగు 26 నిమిషాలు, అరగంట కలిపితే 56. గంటకి 330 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోయినా మిగిలేది పావుగంటే. కాబట్టి చిన్న దూరాల్లో జెట్ కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది. గాలి ప్రభావం కూడా ఇంతే: 50 కిలోమీటర్ల వేగంతో వెనక నుంచి తోస్తే 39 నిమిషాలు, ఎదురు వీస్తే 48. తొమ్మిది నిమిషాల తేడా, దాన్ని వదిలేయొచ్చు.

టికెట్టు మీద బయల్దేరే టైముకీ చేరే టైముకీ మధ్య తేడా మీ లెక్క కంటే పది పదిహేను నిమిషాలు ఎక్కువ ఉంటే తప్పు మీది కాదు. ఆలస్యాలకి కొంత జాగా వదిలి టైము రాస్తారు. ఆ తేడా గంటల్లో ఉంటే మాత్రం ఆగి చూడండి, మధ్యలో ఎక్కడో దిగాల్సి ఉంటుంది.

ఇంటి గడప నుంచి ఆ ఇంటి గడప దాకా

అసలు లెక్క ఇది. కాగితం మీద ఐదు గీతలు గీయండి: ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు, ఎయిర్‌పోర్టులో ఎదురుచూపు, విమానం, బ్యాగు తీసుకోవడం, అక్కడి ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి.

మాది కూకట్‌పల్లి. అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్‌కి గంటా పావు పెట్టుకుంటాను. మెట్రో ఇంకా అక్కడిదాకా పోలేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి, పెద్ద సామాను లేకపోతే నాకు అదే నచ్చుతుంది. మెహదీపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లకి పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఉంది, 11.6 కిలోమీటర్లు పైనుంచే ఆరాంఘర్ దాకా వచ్చేస్తారు. ఎయిర్‌పోర్టులో గంటా ముప్పావు. మరీ ఎక్కువ అంటారు మా ఆవిడ. కానీ చెకిన్ బ్యాగులు తీసుకునే కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూస్తారు. బ్యాగు లేకుండా, వెబ్ చెకిన్ చేసుకుని, డిజియాత్ర (ముఖం చూపించి లోపలికి పోయే యాప్) పెట్టుకున్న కుర్రాళ్లయితే అరగంట తగ్గించుకోవచ్చు. విమానం గంటా పది. బ్యాగుకి ఇరవై నిమిషాలు. మధురపూడి నుంచి రాజమండ్రి ఊళ్లోకి ముప్పై ఐదు నిమిషాలు. కూడితే ఐదు గంటల ఐదు నిమిషాలు. అందులో విమానం వాటా పావు వంతు కూడా లేదు.

ఇప్పుడు అదే కాగితం వెనక రైలు లెక్క వేయండి. సికింద్రాబాద్ నుంచి వందే భారత్‌లో రాజమండ్రికి ఆరు గంటల దరిదాపు. ఇంటి నుంచి స్టేషన్‌కి వెళ్లడం, ప్లాట్‌ఫారం మీద నిలబడటం కలుపుకుంటే ఎనిమిది గంటల దాకా. రాజమండ్రిలో స్టేషన్ ఊరి మధ్యలోనే. అంటే విమానం మూడు గంటలు మిగిలిస్తుంది. ఆ మూడు గంటలకి ఎంత ఎక్కువ పెడతారో అది మీ ఇష్టం. గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుని తెల్లారేసరికి గోదావరి గట్టున దిగేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ అసూయే. వాళ్ల లెక్కలో పగలు ఒక్క గంట కూడా పోదు.

అన్ని ఊళ్లకీ ఒకే జవాబు రాదు. విజయవాడ చూడండి. గాల్లో 264 కిలోమీటర్లు, విమానం గంట. కూకట్‌పల్లి నుంచి గన్నవరం మీదుగా బెజవాడ ఊళ్లోకి చేరేసరికి ఎలా లెక్కేసినా ఐదు గంటల దగ్గరికి వస్తుంది. ఎల్బీనగర్‌లో ఉన్నవాళ్లు శంషాబాద్ దాకా వెళ్లి విమానమెక్కడం కంటే, ఇంటి ముందే హైవే ఎక్కితే 270 కిలోమీటర్లు, ఐదు గంటల్లో బెంజి సర్కిల్. మధ్యలో సూర్యాపేటలో టిఫిను కూడా అయిపోతుంది. హంపి చూడటానికి వెళ్లేవాళ్లకి మాత్రం తోరణగల్లు దగ్గర విద్యానగర్ ఎయిర్‌పోర్టు ఉంది, కోడ్ వీడీవై, నేరు దూరం 300 కిలోమీటర్లు. మీరెళ్లే రోజున విమానం ఉంటే రోడ్డు కంటే అదే మేలు.

హైదరాబాద్‌లో మారేటప్పుడు

మీరు హైదరాబాద్‌లో ఉంటే ఈ బాధ లేదు. మీ మాట విని కడప నుంచో తిరుపతి నుంచో వచ్చే పెద్దవాళ్లకి ఉంటుంది, అందుకని వాళ్ల తరఫున మీరే చూసిపెట్టండి.

రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. ఒకే పీఎన్‌ఆర్ అయితే బ్యాగు కడపలో ఇస్తే రాజమండ్రిలో తీసుకోవచ్చు. అయినా కౌంటర్లో అడగండి, బ్యాగు చీటీ మీద చివరి కోడ్ ఆర్‌జేఏ అని ఉందో లేదో కళ్లారా చూసుకోమనండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. రెండు విడివిడి టికెట్లయితే ఈ రెండు సౌకర్యాలూ ఉండవు. కింది అంతస్తులో బ్యాగు తీసుకుని, బయటికి వచ్చి, పై అంతస్తుకి ఎక్కి, మళ్లీ కౌంటరు, మళ్లీ సెక్యూరిటీ. ఆ వరసన కౌంటరు మూసే టైము రెండో విమానానికి గంట ముందు. కాబట్టి ఒకే టికెట్టుకి మధ్యలో గంటన్నర చాలు, విడి టికెట్లకి మూడు గంటలకి తగ్గొద్దు. రెండువందలు మిగులుతాయని విడివిడిగా కొనకండి.

మరీ ఎక్కువ విరామం కూడా కష్టమే. బాబాయి ప్రయాణాన్ని ఇప్పుడు కాగితం మీద పెడితే: ప్రొద్దుటూరు నుంచి కడప ఎయిర్‌పోర్టు గంటా పావు, అక్కడ గంటన్నర, విమానం గంటా ఐదు, శంషాబాద్‌లో ఐదు గంటల పది నిమిషాలు, విమానం గంటా పది, చివర బ్యాగూ కారూ కలిపి యాభై ఐదు. మొత్తం పదకొండు గంటల ఐదు నిమిషాలు. సగానికి దగ్గరగా శంషాబాద్ కుర్చీలోనే గడిచింది. ఈ కాగితం ముందే వేసి ఉంటే ఆయన రాత్రి రైలుకే ఒప్పుకునేవాడేమో.

ఎక్కేముందు ఇంకొన్ని

పొద్దుటి విమానం తీసుకోండి. ఏటీఆర్ ఒకటే పల్లెవెలుగు బస్సులాగా పొద్దున్నించి రాత్రి దాకా ఊరూరూ తిరుగుతుంది. పదింటికి ఎక్కడో అరగంట ఆలస్యమైతే సాయంత్రం మీ ఊరికి వచ్చేసరికి అది గంటన్నర అవుతుంది. డిసెంబరు, జనవరిల్లో మాత్రం ఈ సలహా తిరగేసుకోండి. గోదావరి జిల్లాల్లో తెల్లవారుజామున పొగమంచు పడితే విమానం ఊరి మీద చక్కర్లు కొట్టి వెనక్కి వచ్చేసిన రోజులున్నాయి. ఆ నెలల్లో పదకొండు తర్వాతి విమానం మేలు.

ఇలాంటి చిన్న దూరాల విమానం రెండు గంటలకి మించి ఆలస్యమైతే తినడానికేదైనా ఇవ్వాలి, ఆరు గంటలు దాటేలా ఉంటే వేరే విమానమో మొత్తం డబ్బు వాపసో మీరు కోరుకోవచ్చు. మన దేశంలో విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ నియమాల్లోనే ఉంది, మొహమాటపడకుండా అడగండి.

ఏటీఆర్‌లో ఎక్కే తలుపు వెనక ఉంటుంది. ముందు సీటు అడిగి తీసుకున్నవాళ్లు చివర్లో దిగుతారు. తలపైన అర చిన్నది, ట్రాలీ బ్యాగు పట్టకపోతే కింద వేసేస్తారు, మందులూ నగలూ అందులో పెట్టకండి. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి ఏ కిటికీలోంచి చూసినా నేల కనబడుతుంది. హైదరాబాద్ నుంచి వెళ్లేటప్పుడు రాజమండ్రిలో దిగేముందు గోదావరి దాటతారు. ఆ రెండు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టండి.

పెళ్లయ్యాక బాబాయి తిరుగు ప్రయాణానికి నేనే కాగితం వేసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. విడిది నుంచి మధురపూడి నలభై నిమిషాలు, అక్కడ గంటన్నర, విమానం గంటా పది, శంషాబాద్‌లో నాలుగున్నర గంటలు, మళ్లీ గంటా ఐదు, ఆపైన ప్రొద్దుటూరు దాకా గంటన్నర. రెండు నీలం గీతలు పడ్డాక పది నిమిషాలకి ఫోన్ వచ్చింది.

"ఆ నాలుగున్నర గంట ఆడ కూర్చుని ఏం జేద్దునురా? విడి టికెట్లు తీయి. నడుమ రెండు దినాలు మీ ఇంట్లో ఉండి పోతా."